ఫ్లాష్ లేకుండా బాలమ్మ ఫోటో

ఆ ఆదివారం కరుణాకర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. భార్యతో కలిసి నంద్యాలలో తొమ్మిదింటి బస్సెక్కి ఆళ్ళగడ్డ వెళ్ళాలి, అత్త బాలమ్మను ఒక ఫోటో తీయాలి, సాయంత్రం బస్సుకు తిరిగి వచ్చేయాలి. ఇంత చిన్న పనిని పాడుచేయడం మామూలు మనుషుల వల్ల కాదు. కరుణాకర్ తనను తాను మామూలు మనిషి అనుకునేవాడు కాదు.

ఉద్యోగం గుమాస్తాగిరీ. నాలుగు నెలల కిందట మద్రాసు వెళ్ళి పాత జపాన్ కెమెరా ఒకటి కొనుక్కొచ్చాడు. దాని లెన్సు గుడ్డిదీపం వెలుగులో కూడా ఫోటో తీస్తుందని అమ్మినవాడు చెప్పాడు. ఆ రోజు నుంచి అతనికి ఎండ మీద గౌరవం పోయింది. ఫ్లాష్ కొట్టేవాడు ఫోటోగ్రాఫరు కాదు, వెల్డింగు పనివాడు అని ఆఫీసులో అందరికీ చెప్పేవాడు. ఆళ్ళగడ్డ బజారులో ముప్పై ఏళ్ళుగా స్టూడియో నడుపుతున్న భాస్కరయ్యంటే మరీ లోకువ. ఇంతా చేసి, ఈ నాలుగు నెలల్లో కరుణాకర్ తీసిన ఫోటోల్లో ఒక్కరి మొహమూ పూర్తిగా కనబడలేదు. లెన్సు తిప్పి తిప్పి ముక్కును స్పష్టంగా పట్టుకుంటే చెవులు మసకబారిపోయేవి. అదే కళ అని దబాయించేవాడు.

ఈ ఫోటో మాత్రం కళ కోసం కాదు. అతని భార్య దెబోరాకు ఒక్కడే అన్న, సామ్యేలు. బేతంచెర్లలో బండలు పాలిష్ చేసే ఫ్యాక్టరీలో మేస్త్రీ. ఆరేళ్ళ కిందట తన పెళ్ళి పత్రికను తల్లికి స్వయంగా తెచ్చివ్వకుండా పోస్టులో పంపాడు. కన్నతల్లికి పోస్టులో పత్రికా అని బాలమ్మ పెళ్ళికి వెళ్ళలేదు. కన్నతల్లే పెళ్ళికి రాలేదని సామ్యేలు ఆళ్ళగడ్డలో అడుగు పెట్టలేదు. దెబోరా ఎన్ని జాబులు రాసినా కదల్లేదు. తల్లి ఎంత చిక్కిపోయిందో ఫోటోలో ఒక్కసారి చూస్తే మనసు కరుగుతుందని ఆమె ఆశ. బాలమ్మ పైకి ఏమీ అనకపోయినా, పెట్టెలోని తెల్లచీర తీసి ఉతికి, ఆరేసుకుని కూర్చుంది. కొడుకును చూడకుండానే పోతానేమోనన్న దిగులు ఆమెకు గట్టిగానే ఉంది.

పదకొండింటికల్లా ఇంటి ముందు ఎండ చక్కగా పడింది. బాలమ్మ తెల్లచీర కట్టుకుని స్టూలు మీద కూర్చుంది. కరుణాకర్ ఆకాశాన్ని చూసి పెదవి విరిచాడు.

"ఎండలో యెవుడన్నా తీస్తాడత్తా. దీపం ఎలుగులో తీయాల, అదీ పని."

సాయంత్రం బస్సు దాని దారిన అది పోయింది. చీకటి పడ్డాక అతను ఇంట్లో బల్బు ఆర్పించి, లాంతరు వెలిగించి అత్త తల పక్కన పెట్టాడు. నీడ పడుతోందని భార్యను వంటింట్లోకి తరిమాడు. కెమెరాను తిరగేసిన బిందె మీద నిలబెట్టాడు. ఆ వెలుగులో ఫోటో పడాలంటే మనిషి ఒక క్షణం పాటు బొమ్మలా కదలకుండా ఉండాలి. బాలమ్మ డెబ్భై ఏళ్ళలో ఏనాడూ ఊరికే కూర్చున్న మనిషి కాదు. దోమను కొట్టేది, కొంగు సర్దుకునేది, అన్నం ఉడికిందా అని కూతుర్ని అడిగేది. గంట గడిచింది. చివరికి అతనికి ఒక గొప్ప ఆలోచన తట్టింది. అత్త కదలకుండా ఉండే సమయం రోజు మొత్తంలో ఒక్కటే ఉంది.

"అత్తా, ప్రార్థన చేసుకో. నోరు కదపాకు, మనసులోనే చేసుకో."

బాలమ్మ చేతులు జోడించి గుండెకు ఆనించుకుంది, కళ్ళు మూసుకుంది, కొడుకు కోసం పావుగంట ప్రార్థించింది. కరుణాకర్ కెమెరాలో కన్ను పెట్టి, అందులో రెండు ముక్కలుగా కనబడే ముక్కు ఒకటిగా కలిసేదాకా లెన్సు తిప్పి, పన్నెండు ఫోటోలు తీశాడు. ముక్కు పైన ఏముందో చూడలేదు.

మర్నాడు పొద్దున్నే ఆఫీసుకు పరుగెత్తాలి. ఫిల్ము కడిగే దిక్కు మళ్ళీ భాస్కరయ్యే. రీలుతో పాటు బాలమ్మ పేరూ సామ్యేలు చిరునామా రాసిన కాగితం ఇచ్చి, ఒక కాపీ నేరుగా బేతంచెర్లకు పోస్టు చేయమని, రెండోది శనివారం తీసుకుంటానని చెప్పాడు. కింద ఏమైనా రాయాలా అని భాస్కరయ్య అడిగితే, బస్సు తొందరలో ఉన్న కరుణాకర్ అన్నాడు:

"మీరు మామూలుగా ఎట్ల చేస్తారో అట్లే చెయ్యండి. ఫోటో మాత్రం చూసి నేర్చుకోండి. ఫ్లాష్ లేకుండా తీసినా నేను."

భాస్కరయ్య ఫోటో చూశాడు. తెల్లచీర, తల దగ్గర దీపం, గుండెల మీద చేతులు, మూసిన కళ్ళు. ఆయన బాలమ్మను ఎరగడు. ఆళ్ళగడ్డలో మనిషి కళ్ళు మూసుకున్నాక ఫోటో తీయించేది ఒకే ఒక్క సందర్భంలో. అలాంటివి ఆయన వందలు చేశాడు. రెండు రోజులు కూర్చుని, సన్న కుంచెతో తెరిచిన కళ్ళు గీశాడు. మసకబారిన చెవులు దిద్దాడు. చుట్టూ నల్ల అంచు వేశాడు. పేరు చూసి క్రైస్తవులని గ్రహించి, కింద ముత్యాల్లాంటి అక్షరాలతో 'ప్రభువునందు నిద్రించినది' అని రాసి, తేదీ వేసి పోస్టు చేశాడు.

శనివారం మధ్యాహ్నం భార్యతో కలిసి వచ్చిన కరుణాకర్ చేతిలో రెండో కాపీ పెట్టి, భాస్కరయ్య అతని భుజం తట్టాడు. "బాధపడాకప్పా. పెద్ద ప్రాణం."

దెబోరా ఒక్క చూపు చూసి పుట్టింటివైపు పరుగెత్తింది. మా అత్త బతికే ఉందయ్యా అని అరిచి కరుణాకర్ ఆమె వెనకాల పరుగెత్తాడు. ఆ మాట విన్న భాస్కరయ్య ఇద్దరి వెనకా పరుగెత్తాడు.

బాలమ్మ ఇంటి ముందు బేతంచెర్ల బండల లారీ ఆగి ఉంది. నలుగురు కూలీలు ఒక సమాధి రాయిని దించి గోడకు ఆనిస్తున్నారు. దాని మీద బాలమ్మ పేరు, తేదీ చెక్కి ఉన్నాయి. బాలమ్మ అరుగు మీద శనక్కాయలు ఒలుస్తోంది. సామ్యేలు ఆమె కాళ్ళు పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నాడు.

"యాడికీ పోలేదు లేరా. ఆరేండ్లాయ, ఈడనే ఉండా," అంది బాలమ్మ. ఆమె కన్నీళ్ళూ ఆగలేదు. తర్వాత రాయి మీద చేత్తో నిమిరింది. "పెండ్లి పత్రిక పోస్టులో పంపినావ్. రాయి మాత్రం నువ్వే మోసుకోనొచ్చినావ్."

సామ్యేలు లేచి కళ్ళు తుడుచుకున్నాడు. అప్పుడు అతనికి కోపం వచ్చింది. లారీలోంచి గడ్డపార తీసుకున్నాడు.

"ఈ ఫోటో యెవుడి పనీ?"

కరుణాకర్ ఆ క్షణంలోనే లారీ టైర్లను పరీక్షించడం మొదలుపెట్టాడు. అబద్ధం చేతకాని భాస్కరయ్య ముందుకొచ్చి, కళ్ళు తానే గీశాననీ, కింది అక్షరాలు తనవేననీ, క్షమించమనీ చేతులు జోడించాడు.

బాలమ్మ కొడుకు చేతిలోని గడ్డపార లాగి పక్కన పడేసింది. భాస్కరయ్యను అరుగు మీద కూర్చోబెట్టింది. "జాబులు రాస్తే రానోన్ని పిల్చుకోనొచ్చినావప్పా. తినిపోవాల," అని కోడిని కోయించింది.

ఆ ఫోటో నల్ల అంచుతో సహా ఇప్పటికీ బాలమ్మ గోడ మీదే ఉంది. ఇంత బాగా ఎవరు తీశారని అడిగినవాళ్ళందరికీ ఆమె స్టూడియో భాస్కరయ్య అనే చెబుతుంది. కాదనాలంటే అత్తను చంపింది తానేనని ఒప్పుకోవాలి గనక, కరుణాకర్ నోరెత్తడు.