కుదురుగా కూర్చుంటే వినపడదు

మనిషికి ఉన్న అవలక్షణాలన్నిటిలోకీ చెడ్డది కుదురుగా కూర్చోవడం. ఈ మాట తొందరపడి అనడం లేదు. గదిలో ఈ చివరి నుంచి ఆ చివరికి నడుస్తూ, బాగా ఆలోచించే అంటున్నాను.

మీరు నమ్మరని తెలుసు. ఇంట్లో అమ్మ, బడిలో మాష్టారు, ఆ తరవాత మా ఆవిడ, అందరూ నాకు ఒకటే నూరిపోశారు: "కాస్త కుదురుగా కూర్చుని విను." కాలం మారింది. ఇప్పుడు కుదురుగా కూర్చుంటే నాకేమీ వినపడదు.

సంగతేమిటంటే, నాకు చెవుడు. పక్కన పిడుగు పడినా "ఎవరో తలుపు కొడుతున్నట్టున్నారు" అనేంత. చెవి మిషను ఉంది కానీ, దాని బ్యాటరీ ఎప్పుడు చస్తుందో దానికే తెలియదు. మా ఆవిడ అరుపు కాకుండా మాట వినాలని ఉందని ఒకసారి మా అల్లుడి దగ్గర అన్నాను. అతను బట్టల మిల్లులో ఇంజనీరు. వెంటనే ఓ బనియను తెచ్చిపెట్టాడు.

చూడ్డానికి మామూలు బనియనే. కాకపోతే పొడుగు చేతులు, మెడ దాకా కాలరు. నూలుతో పాటు అందులో ఏవో మెత్తటి పోగులు నేశారు. అవి వంగినా, సాగినా, ఒకదానికొకటి రాసుకున్నా కరెంటు పుడుతుందట. అది కాలరు నుంచి సన్నటి తీగ వెంట చెవి మిషనుకు చేరుతుంది. ఎక్కువసేపు నిలవ ఉండే కరెంటు కాదు, ఎప్పటిదప్పుడే ఖర్చు.

"ఇక బ్యాటరీ గొడవే లేదు మావయ్యగారూ. మీరు కదులుతూ ఉంటే చాలు," అన్నాడు అల్లుడు.

"కదలకపోతే?"

"మనిషన్నాక కదలకుండా ఎంతసేపు ఉంటాడండీ," అన్నాడు. కుర్చీ రుచి మరిగిన వయసు కాదు అతనిది.

దీనివల్ల కలిగిన లాభాలు చెప్పమంటారా?

పూర్వం నేను బజారుకు వెళ్ళి, ఎందుకు వెళ్ళానో మరిచిపోయి తిరిగొస్తే, "చేతులూపుకుంటూ వచ్చారా" అని మా ఆవిడ దెప్పేది. ఇప్పుడు చేతులూపుకుంటూ రావడమే మా ఇంటి విద్యుత్ విధానం. సంచీ మోస్తే చేతులు ఊగవు. చేతులు ఊగకపోతే ఆవిడ దెప్పేది నాకు వినపడదు.

నలుగురిలో కూర్చున్నప్పుడు చేతులాడిస్తే బాగుండదు కదా? అందుకని తల ఊపడం మొదలుపెట్టాను. కాలరులో పోగులకి అది పండగే. మా అపార్ట్‌మెంటు మీటింగులో ఒక్క మాటా పోకూడదని మొదటి నుంచి చివరి దాకా తల ఊపాను. మీటింగు అయ్యేసరికి నేను ప్రెసిడెంటుని! నీళ్ళ మోటారు, మెట్ల కింద కుక్క, పై ఫ్లోరు వాళ్ళ డ్రమ్ము, అన్నీ నా పూచీ. అడ్డంగా ఊపి ఉండొచ్చుగా అంటారేమో. నిలువుగా ఊపినంత కరెంటు అడ్డంగా ఊపితే రాదండీ. సైన్సు కూడా తల ఊపేవాళ్ళ పక్షమేనని అప్పుడే తెలిసింది.

అన్నిటికన్నా పెద్ద లాభం గృహశాంతి. మా ఆవిడ కోపంగా మొదలుపెట్టగానే నేను కుర్చీలో బిగుసుకుపోతాను. కాసేపటికి మిషను కళ్ళు తేలేస్తుంది. ఆవిడ నోరు కదులుతూ ఉంటుంది, ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది. నేను బుద్ధిగా వింటున్నానని ఆవిడకి సంతోషం. దాంపత్యానికి ఇంతకంటే ఏం కావాలి?

ఎవరో ఒకరు వంక పెట్టకుండా ఉండరు కాబట్టి, ఒక చిన్న విషయం నేనే చెప్పేస్తాను.

నాకు చెవుడు వచ్చినప్పటి నుంచి మా ఆవిడ ఏం చెప్పినా అరిచే చెబుతుంది. గ్యాసు వచ్చింది, పాలు పొంగాయి, తలుపు వెయ్యండి, ఇవన్నీ అరవడానికి వీలైన మాటలు. అరిచి చెప్పలేని మాటలూ కొన్ని ఉంటాయి కదా. అవి చెప్పడం ఆవిడ ఎప్పుడో మానేసింది. నేనీ బనియను తొడుక్కున్నది నిజానికి వాటి కోసమే.

మొన్న సాయంత్రం అమ్మాయీ అల్లుడూ వచ్చి వెళ్ళాక, ఆవిడ చేతిలో పని పక్కన పెట్టి నా దగ్గరికి వచ్చి కూర్చుంది. నా చెయ్యి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. మెల్లిగా, అరవకుండా మొదలుపెట్టింది. "ఇన్నేళ్ళలో మీతో ఒక్కటి చెప్పలేదు..." అన్నంత వరకు విన్నాను.

ఆవిడ పట్టుకున్న చేతిని ఎలా ఊపను? ఏం చెబుతోందో తెలియకుండా తల ఎలా ఊపను? పెద్దలు నేర్పిందే చేశాను. కుదురుగా కూర్చున్నాను. పెదవులు కదిలాయి. మధ్యలో ఒకసారి నవ్వింది. తరవాత చేత్తో కళ్ళు తుడుచుకుంది. నాకు ఏడుపొచ్చినంత పనయింది, ఎందుకో తెలియకుండానే. అయినా కదల్లేదు.

ఆవిడ ఆగి నా మొహంలోకి చూసింది. నేను గభాలున లేచి, చేతులూపుకుంటూ గదంతా తిరిగి, మిషను గుయ్యిమన్నాక వచ్చి ఎదురుగా నిలబడ్డాను.

"ఇప్పుడు చెప్పు. ఏమన్నావు?"

"ఏం లేదులెండి," అంది.

మా అల్లుడి బనియనులో లోపమేమీ లేదు. ఆ మాట ఒక్క అక్షరం పోకుండా వినపడింది.