నూట ఇరవై ఎనిమిదో మనిషి

మనవరాలి నిశ్చితార్థానికి బయల్దేరుతూ ప్రమీలమ్మ సంచి సర్దింది. ఫంక్షన్ హాలు సిద్దిపేటలోనే ఉంది, ఆటో ఎక్కితే చాలు. అయినా సంచిలోకి రెండు చీరలు, బీపీ గోళీలు, దుప్పటి, ఆధార్ కార్డు చేరాయి. ప్రాజెక్టు నీళ్లలో మునిగిన వేములఘాట్ నుంచి ఇల్లు వదిలి వచ్చినప్పటి నుంచి ఆమెకు గడప దాటడమంటే మళ్లీ రాకపోవడమే.

"హాలుకు దుప్పటెందుకే అమ్మమ్మా?" అంది ఆ మనవరాలు లాస్య.

"పోయినోళ్లు ఎప్పుడొస్తరో ఎవలకెరుక బిడ్డా."

పెళ్లికొడుకు నవనీత్ సాఫ్ట్‌వేర్ ఇంజినీరు. ఆ సంగతి ఎవరూ మరచిపోకుండా చూసుకునేవాడు. హాలు గుమ్మం మీద తను చేసిన బోర్డు బిగించాడు. ఒకరు లోపలికొస్తే అంకె పెరుగుతుంది, బయటికెళ్తే తగ్గుతుంది. అందులో గోరంత చిప్పు, ఆ చిప్పులో వర్చువల్ మెషీన్. అంటే మిషన్ లోపల ఇంకో మిషన్ ఉన్నట్టే పనిచేస్తుంది కాని, ఉండదట. అతని గొప్పతనమూ అదే రకమని ప్రమీలమ్మకు అప్పటికింకా తెలియదు.

"ఇదివరకు దీంట్ల అన్నీ పెద్దంకెలు పట్టే డబ్బాలే అమ్మమ్మా. చిటికెడు జీలకర్రకు బియ్యం డ్రమ్ము పెట్టినట్టు. నేను చిన్నంకెలు పట్టే రకం పెట్టిన. జాగ మస్తు మిగిలింది."

"మిగిలిన జాగల ఏం పెడ్తవు బిడ్డా?"

అతను అప్పటికే బోర్డు ముందు సెల్ఫీ దిగుతున్నాడు.

హాలు నిండింది. ఎప్పటిలాగే అందరికంటే ఆఖరున వచ్చాడు ప్రమీలమ్మ కొడుకు ఉప్పలయ్య. తండ్రి లేని లాస్యను పెంచిన మేనమామ. అతను కాలు లోపల పెట్టగానే బోర్డు మీద 127 పోయి, మైనస్ 128 వెలిగింది. పాత పేపర్లు కూడబలుక్కుని చదువు నేర్చుకున్న ప్రమీలమ్మ, దాన్ని పైకి చదివి గుండె పట్టుకుంది.

"మైనసంటే పోయిన లెక్కనే గదా! పిలగాని దిక్కోళ్లు అలిగి పోయిన్రు! ఉరుకు కొడుకా, చూసి రా!"

ఉప్పలయ్య బయటికి ఉరికాడు. వెంటనే 127. "వచ్చిన్రు!" అని ఆమె దండం పెట్టింది. "ఎవ్వలు పోలేదే అవ్వా" అంటూ అతను లోపలికి వచ్చాడు. మళ్లీ మైనస్. ఎన్నిసార్లు పంపినా అంతే.

"నువ్వు బయటుంటెనే మంది ఉంటున్నరు. ఏమన్నవురా వాళ్లను?"

"ఇంకా నీళ్లు గూడ తాగలే, ఇగ వాళ్లనేమంట!"

మాట హాలంతా పాకింది. లేని మందికి కూర ఎందుకని వంటవాళ్లు పొయ్యి ఆర్పేశారు. ఎదురుగా కూర్చుని ఉండగానే తమను పోయిన్రంటున్నారని పిలగాని దిక్కువాళ్లు నిజంగానే అలిగారు.

నవనీత్ తీరిగ్గా వచ్చాడు. "నా మిషన్ తప్పు జెప్పది. నేను పెట్టిన చిన్నంకెల నూట ఇరవై ఏడు దాంకనే పడ్తది, ఇంకొకటొస్తే మైనస్‌లకు తిరుగుతది. ఎక్కువ మందిని పిలిచింది మీరే."

"మరి ఏం జేద్దాం?" అంది లాస్య.

"ఒక్కరిని బయటికి పంపుదాం. ఆఖరికొచ్చింది మీ మామనే గదా. గేటుకాడ కూసొమ్మను."

ఉప్పలయ్య ముఖం మాడిపోయింది. అయినా చెప్పులు వెతుక్కోసాగాడు. ప్రమీలమ్మ సంచి పట్టుకుని సగం లేచింది. అడ్డుపడితే సంబంధం పోతుంది, ఊరుకుంటే కొడుకు పోతాడు.

"ఒక్కరు పోతే సాలా?" లాస్య అడిగింది.

"సాలు. లెక్క సాఫ్ అయితది."

"అయితే నువ్వే పో." ఇంకా వేలికెక్కని ఉంగరం, పెట్టెతో సహా అతని చేతిలో పెట్టింది.

నవనీత్ నవ్వాడు. తోడు నవ్వేవాళ్లు దొరకలేదు. విసురుగా గుమ్మం దాటాడు. బోర్డు మీద 127 వెలిగింది. పోయేవాళ్లను వెనక్కి పిలవకుండా ప్రమీలమ్మ ఊరుకోవడం అదే మొదటిసారి.

ఆమె సంచితో సహా సాయంత్రానికల్లా ఇల్లు చేరింది. నవనీత్ మాత్రం ఆ మధ్యాహ్నం పోయినవాడు మళ్లీ రాలేదు.