గాలి తూకం

గజపతినగరంలో బెల్లం వ్యాపారి నగరేశ్వరరావు ఆ ఉదయం కాఫీ తాగుతూ, కూతురి చదువు ఇంతటితో చాలని తేల్చేశాడు. పద్మకుమారికి విజయనగరంలో బీయస్సీ సీటొచ్చింది. 1968లో ఆ వీధి నుంచి అంతదూరం వెళ్లిన ఆడపిల్ల లేదు.

"ఏటి సదువుతావే అక్కడ?"

"వాయువుల గురించి, నాన్నా. చోటెంత, ఒత్తిడెంత, వేడెంత తెలిస్తే, తూచకుండానే గాలి బరువు సెప్పొచ్చు."

"గాలికి బరువేటే! ఉంటే మా తాత బస్తాలకెత్తి అమ్మీవోడు కాడా?"

పద్మకుమారికి ఒళ్లు మండింది. మాట పడి ఊరుకునే పిల్ల కాదు. కొట్టు ముందు బెల్లం దించుతున్న లారీని చూపించింది.

"ఆ స్టెపినీ టైరు తూద్దాం. గాలి తీసేస్తే అరకిలో పైనే తగ్గుతాది. తగ్గితే నన్ను పంపాలి."

"తగ్గకపోతే అప్పడాలు ఒత్తుకో. మా తాత కాటా అబద్ధమాడదు!"

ఆమె టైరు కొలిచింది. డ్రైవరు గంగులు ఒత్తిడి చెప్పాడు. సుద్దముక్కతో గోడమీద లెక్క కట్టి, "ఆరువందల గ్రాములు" అని కింద గీత గీసింది. టైరును బస్తాల కాటాకెక్కించి, అవతల సరితూగేలా తూకపు రాళ్లు వేశారు. గంగులు గాలి వదిలాడు. టైరు చప్పబడింది గానీ కాటా కదల్లేదు. నగరేశ్వరరావు పొట్ట పట్టుకుని నవ్వాడు.

పద్మకుమారికి కళ్లలో నీళ్లు తిరిగాయి. గోడమీది లెక్క మళ్లీ చూసుకుంది.

"లెక్క తప్పలేదు. కాటాయే తప్పు."

"ఒసే! మా తాత కాటానా?"

ఆమె టైరు వైపు కిలో గుండు పెట్టింది. కదల్లేదు. రెండు కిలోలు పెట్టింది. ఊహూఁ.

పొద్దున్నే బెల్లం తూయించిన రైతు నూకయ్య ముందుకొచ్చాడు. "సావుకారూ, నా బెల్లం దీనిమీదే గదా తూసినారు?"

అతను మేకుతో కాటా ఇరుసు గీకాడు. మూడు తరాలుగా రోజూ పూజచేసి మెత్తిన పసుపూ కుంకుమా పెచ్చులు పెచ్చులుగా రాలాయి. ఖాళీ టైరును మళ్లీ తూచి, గంగులు చెమటలు కక్కుతూ గాలి కొట్టాడు. టైరు వైపు కాటా దిగింది. అవతల ఆరువందల గ్రాములు వేస్తే సరిసమానంగా నిలిచింది.

"ఇకమీదట అమ్మాయి తూస్తేనే మా బెల్లం దింపుతాం," అన్నాడు నూకయ్య.

నగరేశ్వరరావు స్వరం మారిపోయింది. "సదువెందుకే తల్లీ? కాటా దగ్గర కూకో. నీ మాటే మాట."

"బీయస్సీ అయ్యాక సూద్దాం."

సోమవారం విజయనగరం రైలుకి ఆమె ట్రంకు పెట్టె ఆయనే మోశాడు. బరువెంతని మాత్రం అడగలేదు.