పెళ్లిపెద్దల గ్రూపు

కృష్ణప్ప ఆ రోజు పొద్దున పెట్టుకున్న పనులు రెండే. కూతురు సుప్రజ పెళ్లి తమకు దగ్గర్లోని పుంగనూరులో చేయడానికి కాబోయే వియ్యంకుడు రెడ్డెప్ప చేత సరేననిపించుకోవాలి, తర్వాత తోటలో టమాటాలు కోయించాలి. మొదటిదే తేలికనుకున్నాడు. సదుం పక్కన ఉన్న ఆ తోట తప్ప వేరే లోకం ఎరగని మనిషి, పాపం.

వియ్యాలవారిది కుప్పం దగ్గర గుడుపల్లె. మాటిమాటికీ అంత దూరం తిరగలేరని పెళ్లికొడుకు హేమంత్ వాట్సాప్‌లో 'పెళ్లిపెద్దలు' అని ఒక గ్రూపు పెట్టాడు. అందులో ఉన్నది ఇద్దరు తండ్రులూ, తనూ. కృష్ణప్ప ఒక్కో అక్షరం వెతుక్కుంటూ టైపు చేశాడు: "బావా, పెళ్లి పుంగనూరులో పెట్టాలని మాకు ఆశగా ఉండాది. మీరేమంటారు?" పెద్ద ఫోను కిటికీలో ఛార్జింగుకు పెట్టి, బటన్ ఫోను జేబులో వేసుకుని తోటకు వెళ్లిపోయాడు. పెద్ద ఫోను ఇంటి సొత్తు, దాన్ని బురదలోకి తీసుకెళ్లడం ఆయనకు ఇష్టం ఉండదు.

అదే కొంప ముంచింది. కాసేపటికి జవాబు వచ్చింది: "మా వైపు పెళ్లి అబ్బాయి ఊర్లోనే. కుప్పంలో మండపం సూసేసినాం."

చూసింది కృష్ణప్ప భార్య సుభద్రమ్మ. ఆమె వియ్యంకుడి ఎదుట గట్టిగా దగ్గి కూడా ఎరగదు. ఆయన వస్తే తలుపు చాటున నిలబడి, కాఫీ తాగుతారేమో కనుక్కోమని మొగుడికి సైగ చేస్తుంది. కానీ ఫోనులో ఎదురుగా మనిషి లేడు, పైన కనిపించే పేరు కూడా తనది కాదు. ఇక అడ్డేముంది? "పిల్లనిచ్చేదీ మేమే, మీ ఊరిదాకా తోలకొచ్చేదీ మేమేనా? పెళ్లి పుంగనూరులోనే. ఇంగ మాట లేదు," అని కొట్టి పారేసింది.

"మాట లేదనేదానికి మేమేమన్నా మీ ఇంట్లో కూలోళ్లమా?" అని అవతలినుంచి వచ్చింది.

సుభద్రమ్మ పైకి చదువుతుంటే విని కృష్ణప్ప అక్క కుప్పమ్మ గుండె బాదుకుంది. సుభద్రమ్మ వంటింట్లోకి వెళ్లగానే, సంబంధం చెడకుండా తనే చక్కదిద్దుదామని ఫోను అందుకుంది. ఆమెకు టైపు చేయడం రాదు. మైకు బొమ్మ నొక్కి మాట్లాడితే అక్షరాలు వాటంతటవే పడతాయని సుప్రజ నేర్పించింది. వాకిట్లో కూర్చుని ప్రేమగా మొదలుపెట్టింది. సరిగ్గా అప్పుడే ఆరబెట్టిన వడియాల మీదికి మేక వచ్చింది. తిట్టు ఎవరికో తెలుసుకునే తెలివి ఫోనుకు లేదు. గ్రూపులోకి వెళ్లిన సందేశం ఇది: "కుప్పంలోనే పెట్టండప్పా మాకేం కష్టం లేదు మీ ఇంటామె బంగారం అట్లా మనిషి పో సిగ్గులేనిదానా ఎన్నిసార్లు తరిమినా మళ్లా వచ్చి మూతి పెడతాండావు కాళ్లిరగ్గొడతా."

వెంటనే రెడ్డెప్ప గ్రూపులోంచి వెళ్లిపోయాడు. మన వైపు అది భోజనం మధ్యలో విస్తరి ముందునుంచి లేచిపోవడం కిందే లెక్క.

మదనపల్లెలో ఆడిటరు దగ్గర పనిచేస్తున్న సుప్రజకు హేమంత్ ఫోన్ చేశాడు. "మీ నాయనకు ఏమైంది? ముందు బతిమాలినాడు, తర్వాత బెదిరించినాడు, ఇప్పుడు అన్నిటికీ ఒప్పుకుని మా అమ్మ కాళ్లిరగ్గొడతానంటాండాడు! సంబంధం వద్దని చెప్పేదానికి మా నాయన రేపు మీ ఇంటికి వస్తాండాడు."

"అదేదో ఫోన్లోనే చెప్పొచ్చు గదా?"

"గ్రూపులోంచి వచ్చేసినాడే, ఇంగెట్ల చెప్తాడు?"

ఇద్దరూ ఇష్టపడి, రెండిళ్లలోనూ పోరాడి కుదుర్చుకున్న పెళ్లి అది. సుప్రజకు ఏడుపు వచ్చింది గానీ, దానికంటే ముందు కోపం వచ్చింది. "అమ్మనీ నాయననీ నువ్వే తోలుకొని రా. ఈ పెళ్లి జరిగి తీరుతాది. ఎవరు ఆపుతారో నేనూ సూస్తా," అని, ఆఫీసులో సెలవు పెట్టి బస్సెక్కింది.

ఇంట్లో కృష్ణప్ప అప్పటికే ఫోను చూసి తల పట్టుకుని కూర్చున్నాడు. "మేకని తిట్టేటప్పుడు ఫోను పక్కన పెట్టకూడదా అక్కా?"

"దాన్ని తిడితే ఆళ్లకు తగులుతాదని నాకేం తెలుసప్పా?" అంది కుప్పమ్మ.

మరునాడు కారు వాకిట్లో ఆగింది. రెడ్డెప్ప దారి పొడవునా తిట్లు పేర్చుకుంటూనే వచ్చాడు. కానీ కృష్ణప్ప చెంబుతో నీళ్లు పట్టుకుని ఎదురొచ్చి, "రాండి బావా, కాళ్లు కడుక్కోండి," అనేసరికి, ఆయన నోటినుంచి "బాగుండారా బావా?" తప్ప ఇంకేమీ రాలేదు. ఆ తర్వాత రాగిసంగటి, నాటుకోడి పులుసు వచ్చాయి. అవి తిన్న ఇంట్లో తిట్టడం ఎవరి తరమూ కాదు.

వంటింట్లో కుప్పమ్మ కిటికీలోంచి మేకను చూపించి జరిగింది చెప్పింది. హేమంత్ తల్లి కృష్ణవేణి నవ్వాపుకోలేకపోయింది. "పోనీ వదినా, కూలోళ్లమా అని రాసింది నేనే. మా ఆయనకు ఆ అక్షరాలు వెతికి కొట్టే ఓపిక యాడుండాది?"

"మీకు జవాబిచ్చిందీ నేనే గదా!" అంది సుభద్రమ్మ. ఇద్దరూ ఒకరి చేతులొకరు పట్టుకుని నవ్వారు.

అంతా సర్దుకుందనుకునేలోపు హాల్లోంచి కేకలు.

"తప్పు మాది బావా. పెళ్లి కుప్పంలోనే పెడదాం," అంటున్నాడు కృష్ణప్ప.

"అట్లంటే ఎట్ల? మీ ఆశ కాదని నేను పెట్టేది లేదు. పుంగనూరులోనే."

"నా మాటకు విలువ లేదా బావా?"

"మరి నా మాటకో? పుంగనూరులో కాదంటే ఈ పెళ్లే వద్దు!" అని రెడ్డెప్ప కుర్చీలోంచి లేచాడు. నిన్న ఫోనులో రెండిళ్లవాళ్లూ ఎవరి ఊరి కోసం వాళ్లు కొట్లాడారు. ఈ రోజు తండ్రులిద్దరూ ఎదుటివాడి ఊరి కోసం కొట్లాడుతున్నారు. ఇదే ఎక్కువ ప్రమాదమని సుప్రజకు అర్థమైంది. కోపం ఎప్పటికైనా దిగుతుంది, మర్యాద దిగదు.

తండ్రిని పెరట్లోకి పిలిచింది. "నాయనా, మామకు మదనపల్లె మీద మనసుండాది. నీకు యాడ బాధయితాదో అని సెప్పలేకుండాడు." మళ్లీ లోపలికి వచ్చి, మజ్జిగ అందిస్తూ రెడ్డెప్ప చెవిలో వేసింది. "మామా, మా నాయన ఆశంతా మదనపల్లె. మీ ముందర నోరు పెగల్లేదు."

తండ్రులిద్దరూ కాసేపు ఒకరినొకరు జాలిగా చూసుకున్నారు.

"బావా, మదనపల్లె అయితే ఎట్లుంటాది?" అన్నాడు కృష్ణప్ప.

"నేనూ అదే అనబోతాండా బావా!" అన్నాడు రెడ్డెప్ప.

పెళ్లి మదనపల్లెలో బ్రహ్మాండంగా జరిగింది. రెండు వైపులా చుట్టాలెవరూ లేని ఆ ఊర్లో ఎందుకు పెట్టారని ఎవరడిగినా, బావ మాట తీసెయ్యలేక అని ఇద్దరూ చెబుతారు.