తర్వాతకి

కరెంటు లేని రోజు ఎలా గడపాలో పద్మనాభం ముందే అనుకున్నాడు. వీధిలో స్తంభాలు మారుస్తారు కాబట్టి పొద్దున్నుంచి సాయంత్రం దాకా కరెంటు ఉండదని కబురొచ్చింది. అమెరికాలో వాళ్లుండే శాంటా క్లారా ఊరంతా మబ్బు పట్టి ఉంది. అయినా ఆయనకు బెంగ లేదు. ఇంటికప్పు మీద పడిన నిన్నటి ఎండంతా గరాజ్ గోడకున్న బ్యాటరీలో నిండి ఉంది. అది ఫ్రీజర్‌ను నడిపితే చాలు.

ఫ్రీజర్ అడుగున ఒక డబ్బా ఉంది. పెరట్లో గోంగూర ఏపుగా పెరిగిన ఏడు, తినగా మిగిలిన పచ్చడిని ఆయన భార్య శశికళ అందులో దాచింది. మూత మీద "తర్వాతకి" అని రాసింది. ఆ శీతాకాలమే ఆమె పోయింది. తర్వాత అంటే ఎప్పుడో ఆయనకు ఇంతవరకూ తేలలేదు.

పక్కింటి జ్ఞానప్రసూన వచ్చింది.

"అన్నయ్యగారూ, ఫోన్ కాస్త చార్జ్‌కి పెట్టుకోనా?"

"పెట్టుకోమ్మా. ఇంకెవరికైనా కావాలంటే రమ్మను."

ఆమె వీధి వాట్సాప్ గ్రూప్‌లో "పద్మనాభంగారింట్లో చార్జింగ్ ఉంది, రావచ్చు" అని పెట్టింది. తను ఇంటికెళ్లి నానబెట్టిన మినప్పప్పు, గ్రైండరు తెచ్చుకుంది.

"పప్పు వాసనొచ్చేస్తుంది అన్నయ్యగారూ. ఒక్క వాయే."

ఎదురింటి శ్రీవిద్య ఐస్‌క్రీమ్ డబ్బాలతో దిగింది. "రేపు మా పాప నైనిక బర్త్‌డే అంకుల్. ఫ్రీజర్‌లో కొంచెం ప్లేస్ ఉంటే..."

"నేను సర్దుతాలే," అంది జ్ఞానప్రసూన.

పద్మనాభం కాదనలేకపోయాడు. ఆ వంటింట్లో ఇన్ని గొంతులు వినపడి చాలాకాలమైంది. గ్యాస్ పొయ్యి మీద అందరికీ కాఫీ పెట్టాడు.

శ్రీవిద్య భర్త ఫణి మధ్యాహ్నం చేతులూపుకుంటూ లోపలికొచ్చాడు.

"నీ ఫోన్ ఏది బాబూ?"

"ఫోన్ కాదంకుల్, కార్. పొద్దున్నే మీ గరాజ్‌లో ప్లగ్ చేశా. గ్రూప్‌లో చార్జింగ్ అన్నారుగా?"

గ్రైండరు ఒకసారి మూలిగి ఆగిపోయింది.

పద్మనాభం ఫ్రీజర్ దగ్గరికి పరుగెత్తాడు. తలుపు తీస్తే నిండా ఐస్‌క్రీమే.

"గోంగూర డబ్బా ఏదమ్మా?"

"ప్లేస్ చాల్లేదని గ్రైండర్ వెనక పెట్టా. తర్వాతకి అని రాసుంటే లంచ్‌కేమో అనుకున్నా."

వేడెక్కిన గ్రైండరు వెనక డబ్బా నీళ్లలో ఉంది. లోపల మంచు పలుకైనా లేదు. ఆయన మూత మీది అక్షరాల తడిని వేలితో తుడవడం చూసి జ్ఞానప్రసూన గొంతు తగ్గించింది.

"వదినగారి రాతా?"

ఆయన తలూపాడు. శ్రీవిద్య ఫణి వైపు చూసింది. ఫణి నేల చూశాడు.

"మళ్లీ గడ్డకట్టిస్తే రుచి పోతుందన్నయ్యగారూ."

పద్మనాభం మూత తీసి వాసన చూశాడు. డబ్బాను తెచ్చి బల్ల మధ్యలో పెట్టాడు.

"సగం నలిగిన పిండితో ఏమొస్తుందమ్మా?"

"దిబ్బరొట్టె వస్తుంది."

వేడి రొట్టె, గోంగూర. మొదటి ముద్దకే ఫణి కళ్లల్లో నీళ్లొచ్చాయి. "శశి ఆంటీ కారం ఏం తగ్గలేదంకుల్." పద్మనాభం కళ్లల్లోనూ వచ్చాయి. నెపం కారం మీదికి తోసేయడానికి వీలైంది. ఆ డబ్బా ఒక్కడే కూర్చుని తినాల్సి వస్తుందేమోనని ఇన్నాళ్లూ భయపడ్డాడు.

చెయ్యి కడుక్కుని ఫోన్‌లో తన కారు గురించి చదివిన ఫణి మెల్లగా అన్నాడు.

"అంకుల్, మా కార్‌లోంచి కరెంట్ బయటికి తీసుకోవచ్చట. వైర్ లాగితే ఫ్రీజర్ నడుస్తుంది."

"పొద్దున్న చదవకూడదూ?" అంది శ్రీవిద్య.

పద్మనాభం ఇంటికప్పు మీది నిన్నటి ఎండ ఫణి కారులోంచి కిటికీ గుండా మళ్లీ పద్మనాభం ఫ్రీజర్‌కే చేరింది. ఐస్‌క్రీమ్ చుక్క కరగలేదు.

ఒక రొట్టె ముక్క మిగిలింది. కడిగిన డబ్బాలో పెట్టి, అదే మూతతో ఆయన దాన్ని ఐస్‌క్రీమ్ పక్కన దాచాడు. ఈసారి తర్వాత అంటే, రేపు టిఫినుకి.