వెనక వరుసలో పోచమ్మ

ఆ ఉదయం లింగమూర్తి పంతులు వేసుకున్న పథకం చాలా సులువైనది. 1949లో కొత్తగూడ ఆడవాళ్ల కోసం ఆయన నడుపుతున్న చదువు తరగతిని చూడడానికి పట్నం నుంచి తనిఖీ అధికారి వస్తున్నాడు. ఎవరికీ చదువు రాలేదని తేలితే తరగతి మూతపడుతుంది. ఆరు నెలల్లో పంతులు ఒక్క పరీక్షా పెట్టలేదు. ఎవరికి ఎంత వచ్చిందో ఆయనకే తెలియదు. అందుకని వాచకంలోని పేజీలు తలా ఒకటి బట్టీ పట్టించి, అదే వరుసలో కూర్చోబెట్టాడు.

మొదట నీలమ్మకు బర్రె పేజీ, తర్వాత కనకలక్ష్మికి అమ్మ పేజీ. పాలమ్ముకునే పోచమ్మ తరగతిలో ఎన్నడూ నోరు విప్పలేదు కనుక ఆమెకు పేజీయే లేదు.

"నువ్వు ఎనక కూసో పోచమ్మా. జర మాట్లాడకు," అన్నాడు పంతులు.

"మంచిది పంతులూ," అని పోచమ్మ వెళ్లి గోడకు ఆనుకుంది.

అధికారికి ఎదురువెళ్లడానికి పంతులు బయటికి నడిచాడు. అంతలో కనకలక్ష్మి ఒడిలోని పసిపిల్ల ఏడుపు అందుకుంది. వాకిలి గాలి తగిలితే ఊరుకుంటుందని ఆమె వాకిలి పక్కన మొదట కూర్చున్న నీలమ్మతో చోటు మార్చుకుంది.

అధికారి పంతులుతో లోపలికి వచ్చి, మొదట కూర్చున్నామెకు బర్రె బొమ్మ చూపించాడు. కనకలక్ష్మి కళ్లు గట్టిగా మూసుకొని అందుకుంది. "ఇది అమ్మ. అమ్మ నన్ను ముద్దాడును."

ఆయన తత్తరపడి పేజీ తిప్పి, అమ్మ బొమ్మను నీలమ్మ ముందు పెట్టాడు.

"ఇది బర్రె. దీనికి రెండు కొమ్ములు కలవు!"

ఆపమన్నట్టు లింగమూర్తి గట్టిగా దగ్గాడు.

"అయ్యో, పంతులుకు పొలమారింది!" అంటూ నీలమ్మ చెంబు పట్టుకొని పరుగెత్తి, చాప అంచు తట్టుకుంది. నీళ్లలో సగం వాచకం మీద, మిగతా సగం అధికారి పంచె మీద పడ్డాయి.

"చాలు లింగమూర్తి గారూ," అని అధికారి స్టూలు మీద కూర్చొని తన పుస్తకంలో రాయసాగాడు. తుడవడానికి కొంగు పట్టుకొని వచ్చిన పోచమ్మ ఆయన భుజం వెనక ఆగిపోయింది.

"ఈ... తరగతిలో... ఒక్కరికీ... చదువు రాదు. మూసి... వేయవలెను."

కలం ఆగింది.

"ఏంది దొరా, ఎవరికి రాదు? నాకొస్తది గద!" అంది పోచమ్మ.

అధికారి నమ్మలేదు. ఏ వాచకంలోనూ లేని వాక్యం ఒకటి రాసి చూపించాడు. పోచమ్మ వేలు పెట్టి చదివింది. "రేపు... వాన పడితే... పాలు ఎవరు తెస్తారు?" చదివి ఊరుకోలేదు. "నేనే తెస్త. వానొస్తే బర్రె పాలియ్యదా ఏంది?"

లింగమూర్తి ముందుకొచ్చాడు. "చదువొచ్చని ఒక్కనాడన్న చెప్పకపోతివేంది పోచమ్మా?"

"నువ్వు ఒక్కనాడన్న అడిగినవా పంతులూ?"

అధికారి నవ్వాపుకోలేక, ఒక్కొక్కరినీ పిలిచి విడిగా చదివించాడు. కనకలక్ష్మి చిన్న మాటలన్నీ చదివింది. నీలమ్మ వత్తుల దగ్గర మాత్రమే ఆగింది. ఎవరికేం చెప్పాలో మొదటిసారి తెలిసిన పంతులు అవన్నీ ఆత్రంగా రాసుకున్నాడు.

అధికారి పాత వాక్యాలు కొట్టేసి కొత్తది రాశాడు. సిరా ఆరకముందే పోచమ్మ గొంతు తరగతంతా మోగింది. "ఇంకొక... సంవత్సరము... తప్పక నడపవలెను!"

ఆడవాళ్ల కేరింతలకు బజారులో పోయేవాళ్లు కూడా ఆగి తొంగిచూశారు.

ఆ వారం నుంచే పరీక్షలు మొదలయ్యాయి. ప్రశ్నలు పోచమ్మ తయారుచేసింది, అన్నీ పాలూ బర్రెల గురించే. మొదటి పరీక్షలో లింగమూర్తికి పదికి ఏడు వచ్చాయి.