మేకు కొట్టే హక్కు

ఒక మనిషి ఒక ఇంట్లో ఎప్పటి నుంచి ఉన్నట్టు? అద్దె కట్టిన రోజు నుంచా, గోడకు మేకు కొట్టిన రోజు నుంచా?

ఈ ప్రశ్న చాలాకాలంగా నాకు నేనే వేసుకుంటున్నాను. కారణం మా గోడ గడియారం. మా ఆవిడ రిటైరయినప్పుడు తోటి ఉద్యోగులు ఇచ్చినది. గోడకు మేకు కొడితే ఆ నెలే ఖాళీ చెయ్యాలని ఇంటాయన షరతు. అందుచేత అది బల్ల మీద వెల్లకిలా పడుకొని పైకప్పుకు టైము చెబుతూ ఉంటుంది.

"దాన్ని గోడకు పెట్టండి. లేకపోతే నేనూ దాని పక్కన పడుకుంటాను," అంది మా ఆవిడ.

ఇలా ఉండగా గృహనిర్మాణ మంత్రిగారు చారిత్రక ప్రకటన చేశారు. "నేటి నుంచి ఈ నగరంలో అద్దెకున్నవారంటూ లేరు. అందరూ భావరీత్యా యజమానులే." ఇల్లు కట్టాలంటే స్థలం కావాలి, సిమెంటు కావాలి. భావానికి అవేవీ అక్కర్లేదు. ఇంత సూక్ష్మమైన సంగతి ఇన్నాళ్ళూ ఏ తత్వవేత్తకూ తట్టకపోవడం విచారకరం. ప్రతి అద్దె ఇంటి గోడకూ 'ఈ ఇల్లు నాదే' అనే బోర్డు ప్రభుత్వమే తగిలిస్తుందట. లాంచింగుకు మా ఇంటిని ఎంపిక చేశారు.

ముందుగా ఆఫీసరు వచ్చాడు. ఇంటాయన ఎదురెళ్ళారు.

"బోర్డు మీద ఏమైనా రాసుకోండి. మేకు మాత్రం పడకూడదు."

"మీరెవరండీ?"

"ఓనర్ని."

"మరి ఈ మాస్టారు?" అన్నాడు నన్ను చూపిస్తూ.

"అది మీరే చెప్పాలి."

ఆఫీసరు ముఖం వికసించింది. "ఒకే ఇంటికి ఇద్దరు ఓనర్లు! మా టార్గెట్ డబుల్ అయిపోయినట్టే సార్."

మర్నాడు ఒక ప్లైవుడ్ గోడ తెప్పించి మా గోడ ముందు నిలబెట్టించాడు.

"గోడ ముందు గోడ దేనికి నాయనా?" అంది మా ఆవిడ.

"ఇది మొబైల్ వాల్ అమ్మా. ప్రోగ్రాం అవగానే పక్క వీధికి వెళ్ళిపోతుంది."

"బోర్డో?"

"దాంతోపాటే."

"మరి మాకేం మిగులుతుంది?"

"ఫీలింగమ్మా."

మంత్రిగారు వేంచేశారు. ఒక చేతిలో మేకు, మరో చేతిలో సుత్తి. "అద్దె అనేది మనిషి బుర్రలో ఉండే ఒక బలహీనత," అని సెలవిచ్చి సుత్తి ఎత్తారు. అంతలో పీఏ వచ్చి చెవిలో ఏదో చెప్పాడు. సుత్తి దిగలేదు. మంత్రివర్గం మారిందట. కొత్త జాబితాలో ఈయన లేరట.

ఆఫీసరు మంత్రిగారిని ఒకసారి, గోడను ఒకసారి చూసి, గోడను మోయించుకుని వెళ్ళిపోయాడు. కెమెరాలు గోడ వెంటే వెళ్ళాయి. పీఏ కెమెరాల వెంట వెళ్ళాడు.

మంత్రిగారు కాసేపు కిటికీలోంచి గేటుకు వేలాడుతున్న టు-లెట్ అట్టను చూశారు.

"పై పోర్షన్ ఖాళీయేనా అండీ?"

"ఎవరికి?" అన్నారు ఇంటాయన.

"నాకే. క్వార్టర్స్ వదిలెయ్యాలి కదా."

"మీకు బోలెడు ఇళ్ళున్నాయంటారే?"

"ఉన్నాయి. అన్నీ మా బావమరిది పేరున ఉన్నాయి. పొద్దుటి నుంచి వాడు ఫోను ఎత్తడం లేదు."

ఇంటాయన గొంతు సవరించుకున్నారు. "ఎంతమంది ఉంటారు?"

"ఇద్దరమే."

"నీళ్ళు ఎక్కువ వాడతారా?"

"అబ్బే, తక్కువే."

"గోడలకు మేకులు కొట్టే అలవాటుందా?"

"అలాంటివేవీ లేవండి," అంటూ మంత్రిగారు చేతులు వెనక్కి పెట్టి, వెనక నిలబడ్డ నా చేతిలోకి సుత్తినీ మేకునూ జారవిడిచారు. ఇంటాయనా ఆయనా పై పోర్షన్ చూడ్డానికి మేడమెట్లు ఎక్కారు.

సుత్తి బరువుగా ఉంది. నేను మా ఆవిడ వైపు చూశాను.

"ఖాళీ చెయ్యమంటే?"

"చేద్దాం. గడియారం మనతో తీసుకుపోదాం. కన్నం ఆయనకు వదిలేద్దాం, ఓనరు కదా."

ఆవిడ గోడ మీద చోటు చూపించింది. మేకు ఆనించి ఒక దెబ్బ వేశాను.

"కింద ఏమిటా చప్పుడు?" అంది పైనుంచి ఇంటాయన గొంతు.

"నేను కాదండి," అంది మంత్రిగారి గొంతు.

ఇంకో దెబ్బ వేశాను.